పండక్కి ఊరెళ్లే దారిలో ఆగి ఉన్న బండి

(సంక్రాంతికి వారం ముందు, ఆదివారం సాయంత్రం మా అపార్టుమెంటు సెల్లార్‌లో జరిగిన సమావేశంలో రిటైరైన ఆర్టీసీ డ్రైవర్ గారు ఒకరు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారమండీ. వెనకాల నిలబడ్డ బాబులూ, రండి, ముందు కుర్చీలన్నీ ఖాళీగానే ఉన్నాయి. బస్సులో అయితే ముందు సీటు కోసం కొట్టుకుంటారు, మీటింగులో అయితే వెనక సీటు కోసం కొట్టుకుంటారు. నాకిది ఎప్పటికీ అర్థం కాదు.

సెక్రటరీ గారు పిలిచినప్పుడే చెప్పాను, నాకు స్టీరింగు పట్టుకోవడం వచ్చుగానీ మైకు పట్టుకోవడం రాదండీ అని. 31 ఏళ్లు ఆర్టీసీలో చేశాను. అందులో 18 ఏళ్లు ఒకటే రోడ్డు, హైదరాబాదు నుంచి విజయవాడ. దాన్ని తొమ్మిదో నంబరు హైవే అనేవాళ్లు అప్పట్లో, రెండు లైన్ల రోడ్డు. అప్పుడూ నడిపాను. నాలుగు లైన్లయి, 65వ నంబరు అయ్యాకా నడిపాను. ఆ 18 ఏళ్లలో ఒక్క సంక్రాంతీ ఇంట్లో లేను. అందరూ పండక్కి ఊరెళ్తుంటే, వాళ్లని దింపి రావడమే నా పండగ.

సరే, ముందు మీరు చెప్పండి. ఈసారి సొంత కారులో వెళ్తున్నవాళ్లు ఎంతమంది? చెయ్యెత్తండి. అబ్బో, సగం పైనే ఉన్నారే. ఎన్నింటికి బయల్దేరుతున్నారు బాబూ మీరు? రాత్రి పదింటికా. ఆఫీసు అయిపోయాక. మీరమ్మా? పదకొండు. ట్రాఫిక్ తగ్గాక. ఇంకెవరైనా? అందరూ అదే. చూశారా, నేననుకున్నదే.

ఒక్కసారి లెక్కేద్దాం. రాత్రి పదింటికి కూకట్‌పల్లిలో బండి తీశారు. ఎల్బీనగర్ దాటేసరికి పదకొండున్నర. పండగ రద్దీ కదా, పంతంగి టోల్‌గేటు దగ్గర క్యూ. పన్నెండున్నర అనుకోండి. నార్కట్‌పల్లి, నకిరేకల్ దాటి సూర్యాపేటలో టీ తాగేసరికి రెండు. కోదాడ మూడు. గరికపాడు దగ్గర పాలేరు వంతెన మూడుంబావు. కీసర దగ్గర మున్నేరు నాలుగు. విజయవాడలో అయిదు. ఇంకా ముందుకెళ్లేవాళ్లకి, ఏలూరు, ఆ చేపల చెరువుల దగ్గరికి ఆరున్నర.

ఇప్పుడు చెప్పండి, మనిషికి నిద్ర ముంచుకొచ్చేది ఎప్పుడు? రెండు నుంచి అయిదు మధ్య. పొగమంచు దట్టంగా దిగేది ఎప్పుడు? తెల్లవారుజామున. అదీ ఎక్కడ? ఏరు ఉన్నచోట, చెరువు ఉన్నచోట, తడిపొలం ఉన్నచోట. మబ్బు లేని రాత్రి నేల తొందరగా చల్లబడుతుంది, గాలిలో తేమ అక్కడికక్కడే పొగలాగా పేరుకుంటుంది. అంటే నిద్రా, మంచూ రెండూ ఒకేసారి ఉండే చోటికి, ఆ టైముకి సరిగ్గా చేరేటట్టు మనమే ముహూర్తం పెట్టుకుని బయల్దేరుతున్నాం. పంతులు గారు కూడా ఇంత కరెక్టుగా పెట్టలేరు.

పైగా ఆ పొద్దుటినుంచి ఏం చేశారు? తొమ్మిది గంటలు ఆఫీసులో కూర్చున్నారు. ఇంటికొచ్చి సామాను సర్దారు. తర్వాత ఏడు గంటలు డ్రైవింగు. అండీ, డిపోలో మా మేనేజరుతో నాకు వంద గొడవలున్నాయి. కానీ ఆయన కూడా ఏనాడూ నాకు అలాంటి డ్యూటీ వేయలేదు. దూరపు సర్వీసు అయితే ఇద్దరు డ్రైవర్లని పంపేవాళ్లు. మీకు మీరే వేసుకుంటున్నారు ఆ డ్యూటీ.

నేను ఈరోజు చెప్పదలుచుకున్నది పెద్దగా ఏమీ లేదు. ఒకటే మాట. రోడ్డు మీద అందరూ ఎదురుగా స్పీడుగా వచ్చే బండిని చూసి భయపడతారు. నేను భయపడేది ఆగి ఉన్నదాన్ని చూసి. కాదు కాదు, చూసి కాదు. అది కనబడదనే నా భయం.

రోడ్డు ప్రమాదాల్లో పోయిన పెద్దవాళ్ల పేర్లు ఇలాంటిచోట ఎత్తడం నాకిష్టం లేదుగానీ, మీకందరికీ గుర్తున్నవే కాబట్టి చెప్తాను. కేంద్ర మాజీ మంత్రి ఎర్రన్నాయుడు గారు, 2012 నవంబరులో, పెళ్లి నుంచి తిరిగొస్తూ, అర్ధరాత్రి దాటాక శ్రీకాకుళం జిల్లాలో. కారు ట్యాంకరుని గుద్దింది. ఎమ్మెల్యే శోభా నాగిరెడ్డి గారు, 2014 ఏప్రిల్లో, ఆళ్లగడ్డ దగ్గర, ఎన్నికల ప్రచారం నుంచి వస్తూ. రోడ్డు మీద ఆరబోసిన వడ్ల కుప్ప. దాన్ని తప్పించబోతే బండి పల్టీ కొట్టింది. అదే ఏడాది డిసెంబరులో నటుడు హరికృష్ణ గారి అబ్బాయి నందమూరి జానకిరామ్ గారు, మన రోడ్డు మీదే, మునగాల దగ్గర ఆకుపాముల. ట్రాక్టరు. గమనించండి. ట్యాంకరు, వడ్లకుప్ప, ట్రాక్టరు. ఇందులో మన వెంటపడి వచ్చి గుద్దేది ఏముంది చెప్పండి?

నా కథ ఒకటి చెప్తాను. అదీ ఆ దగ్గర్లోనే, మునగాల దాటాక కోదాడ వైపు. జనవరి నెల, తెల్లవారుజామున నాలుగు. బస్సులో 38 మంది, అందరూ నిద్రలో ఉన్నారు. మంచు అంటే అలాంటిలాంటి మంచు కాదు, అద్దం ముందు ఎవరో దుప్పటి ఆరేసినట్టుంది. నేను నలభైలో వెళ్తున్నాను. వెనక కార్లవాళ్లు హారన్లు కొడుతున్నారు, డిప్పర్లు కొడుతున్నారు, తిట్టుకుంటూ పక్కనుంచి దూసుకుపోతున్నారు. పోనీ అనుకున్నాను. అంతలో ముందు ఏదో మెరిసింది. చిన్నగా, మిణుగురు పురుగులాగా. ఆరిపోయింది. మళ్లీ మెరిసింది. ఎరుపు కాదు, తెలుపు కాదు, ఇంద్రధనుస్సు రంగులు. ఇదేంట్రా అని బ్రేకు మీద కాలేశాను. బస్సు ఆగాక చూస్తే పది అడుగుల ముందు పత్తి లోడు ట్రాలీ. టైరు పేలి రోడ్డు మీదే ఆపేశారు. లైటు లేదు, రిఫ్లెక్టరు లేదు. పత్తి బోరాలు రోడ్డుకి అడ్డంగా పొంగిపోయి ఉన్నాయి. ట్రాలీ వెనక తలుపుకి ఎవరో పాత సీడీ ఒకటి దారంతో కట్టారు. అది గాలికి తిరుగుతోంది, అంతే. నా లైటు పడ్డప్పుడల్లా మెరుస్తోంది.

దిగి టార్చి వేసి చూశాను. సీడీ మీద స్కెచ్ పెన్నుతో రాసి ఉంది. "మా అమ్మాయి ఓణీల ఫంక్షన్." ఆ రైతు ఇంట్లో ఏ పిల్లాడో చెడిపోయిన సీడీ పారేయకుండా ఆటగా కట్టుంటాడు. 38 మంది పండక్కి ఇళ్లకి చేరారు.

ఆ రాత్రి నేను అరవైలో వెళ్తుంటే ఏమయ్యేది? చిన్న లెక్క చెప్తాను, పిల్లలు కూడా వినండి. గంటకి 80 కిలోమీటర్ల స్పీడంటే సెకనుకి 22 మీటర్లు. మా బస్సు పొడవు 12 మీటర్లు. అంటే రెప్ప వేసి తెరిచేలోపు దాదాపు రెండు బస్సుల దూరం. ఏదో కనబడింది, కాలు బ్రేకు మీదకి వెళ్లింది, దీనికే ఒక సెకను పోతుంది. తర్వాత బండి ఆగాలి. కారు సంగతే తీసుకోండి. నలభైలో ఉంటే అంతా కలిపి ఇరవై మీటర్లలో ఆగుతారు. అరవైలో ఉంటే ముప్పై అయిదు దాటుతుంది. మంచులో మీకు కనబడేది ముప్పై మీటర్లే అనుకోండి. నలభైవాడు ఆగాడు. అరవైవాడు గుద్దాడు. రోడ్డు మంచుకి తడిసి ఉంటే ఇంకా ఎక్కువ పడుతుంది. ఇక ఎనభైవాడి సంగతి వదిలేద్దాం.

మంచులో బ్రైట్ లైటు వేయకండి. ఎక్కువ వెలుతురుంటే ఎక్కువ కనబడుతుంది అనిపిస్తుంది, కానీ ఆ వెలుతురంతా మంచుకి తగిలి మన కళ్లలోకే వస్తుంది. డిమ్ములో పెట్టండి, ఫాగ్ లైట్లుంటే అవి వేయండి. లోపల అద్దం మసకబారితే ఏసీ ఆన్ చేసి గాలి అద్దం మీదకి తిప్పండి, చాలు. చాలామంది లోపలి మసకని కూడా బయటి మంచే అనుకుని కళ్లు చికిలించుకుంటూ నడుపుతారు. మా రోజుల్లో ఏసీ ఎక్కడిది, గుడ్డ పెట్టి తుడుచుకోవడమే. వానలో వైపరు పనిచేయకపోతే అద్దానికి పొగాకు రుద్దేవాళ్లం. నవ్వకండి, పనిచేసేది.

ఇంకొకటి. నాలుగు ఇండికేటర్లూ వేసుకుని వెళ్తుంటారు మంచులో. అది ఆగిపోయిన బండి వేసుకోవాల్సిన లైటండీ. మీరు నడుస్తూ వేస్తే వెనకవాడికి మీరు ఆగారో, వెళ్తున్నారో, ఎటు తిరుగుతున్నారో ఏం తెలుస్తుంది?

టీవీలో ఒక సలహా చెప్తుంటారు, మంచులో ఎడమ అంచున ఉన్న తెల్లగీత పట్టుకుని వెళ్లండి అని. ఎదుటివాడి లైట్లు కళ్లలో పడకుండా ఉంటుంది, నిజమే. కానీ నేను మాత్రం ఒప్పుకోను. ఎందుకంటే మన రోడ్డు మీద ఆ గీత పక్కనే లారీలు ఆపుతారు. టీ తాగడానికి, టైరు మార్చడానికి, పడుకోవడానికి. గీతనే చూస్తూ వెళ్తే దానిమీదకే వెళ్తాం. మీ లైనులో మధ్యగా ఉండండి, స్పీడు తగ్గించండి. అసలేమీ కనబడకపోతే పెట్రోలు బంకులోకో, దాబాలోకో, టోల్‌గేటు పక్కకో పోయి ఆగండి. రోడ్డు పక్కన మాత్రం ఆగకండి. అక్కడ ఆగితే, ఇందాకటి పత్తి ట్రాలీ ఎవరు? మీరే.

నిద్ర గురించి. చాలామంది నాతో అంటారు, మాకు నిద్ర రాదండీ, పాటలు పెట్టుకుంటాం, అద్దం దించుకుంటాం, టీ తాగుతాం. మొహం కడుక్కుంటే పోతుందని కొందరు. ఏదీ పోదు. పది నిమిషాలు వాయిదా పడుతుందంతే. నాకు ఒకసారి నకిరేకల్ దగ్గర ఏమైందంటే, కండక్టరు భుజం మీద చెయ్యేసి "అన్నా" అన్నాడు. ఏంట్రా అన్నాను. "రెండుసార్లు పిలిచాను" అన్నాడు. నా కళ్లు తెరిచే ఉన్నాయట. స్టీరింగు పట్టుకునే ఉన్నాను. కానీ దాటొచ్చిన వంతెన నాకు గుర్తులేదు. ఇప్పటికీ గుర్తులేదు. దానికి మందు ఒక్కటే, పడుకోవడం. బంకులో బండి పెట్టి ఇరవై నిమిషాలు అలారం పెట్టుకుని పడుకోండి. లేచాక వెంటనే తీయకండి, కాస్త నడవండి.

అసలు మేలైంది ఏంటంటే, రాత్రి ఇంట్లో శుభ్రంగా పడుకుని, పొద్దున్నే లేచి, ఎండ వచ్చాక బయల్దేరండి. తెలుసు, ఏమంటారో తెలుసు. "పొద్దున బయల్దేరితే టోల్‌గేట్ల దగ్గర జామ్ అండీ, రెండు గంటలు వేస్టు." అవును, వేస్టే. పులిహోర కట్టుకెళ్లండి. పిల్లలతో అంత్యాక్షరి ఆడుకోండి. జామ్‌లో ఎవరూ చచ్చిపోరండీ. ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయో లేదో ముందు రోజే చూసుకోండి, మీవల్ల వెనకవాళ్లకి ఇంకో జామ్ కాకుండా.

ఊళ్లో ఉన్నవాళ్లకి కూడా ఒక మాట చెప్పాలి, మీరే ఫోన్ చేసి చెప్పండి. కొత్త అల్లుడు బయల్దేరాడంటే అత్తగారు అరగంటకోసారి ఫోను. "ఎక్కడిదాకా వచ్చారు బాబూ? గారెలు వేయనా, ఆగనా?" ఆ పిల్లాడు ఫోను ఎత్తకపోతే మర్యాద కాదు, ఎత్తితే ప్రాణానికి మంచిది కాదు. టెన్షన్‌లో ఇంకో పది స్పీడు పెంచుతాడు. గారెలు చల్లారితే ఏమవుతుందమ్మా? మళ్లీ వేయొచ్చు.

సీటు బెల్టు ముందువాళ్లు పెట్టుకుంటున్నారు ఈమధ్య, చలానా భయమో, ఆ కుయ్ కుయ్ శబ్దం భరించలేకో. వెనక సీటువాళ్ల సంగతి? టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ గారు 2022 సెప్టెంబరులో చనిపోయింది ఎక్కడ కూర్చుని? వెనక సీట్లో. ఖరీదైన కారు, మంచి కారు. బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. చట్టం వెనకవాళ్లకీ అంతే, వెయ్యి రూపాయలు. చీర నలుగుతుందని అంటారు ఆడవాళ్లు. మా కోడలూ అదే అంటుంది. నలగనీయమ్మా, ఇస్త్రీ పెట్టె ఊళ్లో కూడా ఉంటుంది. ముందు సీట్లో మాత్రం పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోకండి, దండం పెడతాను. గుద్దితే మీ చేతులు ఆపలేవు. పైగా ఎయిర్‌బ్యాగు తెరుచుకునేది మీకూ డ్యాష్‌బోర్డుకీ మధ్యలో, అక్కడున్నది పిల్లాడు.

టైర్ల గాలి, నలుగురూ సామానూ ఎక్కితే ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసి ఉంటుంది. చూసి కొట్టించుకోండి, అంతే, దాని మీద ఎక్కువ చెప్పను.

బండి ఆగిపోయిందనుకోండి. చాలామంది ఏం చేస్తారంటే, డిక్కీ తెరిచి, దాని వెనకాల నిలబడి, సెల్‌ఫోను లైటు పట్టుకుని చూస్తుంటారు. వచ్చేవాడికి మీరే అడ్డం. ముందు అందర్నీ దింపి, రోడ్డు అంచు రెయిలింగు అవతలికి పంపండి. ఆ ఎర్ర త్రికోణం కారుతో పాటే ఇస్తారు, డిక్కీలో ప్యాకింగు కూడా విప్పకుండా ఉంటుంది. దాన్ని కనీసం యాభై మీటర్లు వెనక్కి నడిచెళ్లి పెట్టండి. నాలుగు ఇండికేటర్లు వేయాల్సింది ఇప్పుడు. 1033కి ఫోన్ చేస్తే హైవేవాళ్లు వస్తారు. ఆ త్రికోణం లేనివాళ్లు రాళ్లు, చెట్టుకొమ్మలు పెడతారు మన దగ్గర. పెట్టండి, తప్పులేదు. కానీ వెళ్లేటప్పుడు ఆ రాళ్లు తీసి వెళ్లేవాళ్లని నేను 31 ఏళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టగలను. లారీ వెళ్లిపోతుంది, రాళ్లు ఉండిపోతాయి. తర్వాత బైకువాడు వస్తాడు.

ఎవరికైనా ప్రమాదం జరిగితే 108. సాయం చేస్తే పోలీసు స్టేషన్ చుట్టూ తిప్పుతారని భయం అందరికీ. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చినప్పుడు అది తీసేశారండీ. ఆసుపత్రిలో చేర్చినవాళ్లు పేరు కూడా చెప్పాల్సిన పని లేదు, సాక్ష్యానికి బలవంతం చేయకూడదు. 2025 నుంచి కేంద్రం స్కీము ఒకటుంది, గాయపడ్డవాళ్లకి ఏడు రోజుల్లోపు లక్షన్నర దాకా డబ్బు కట్టకుండా వైద్యం. ఇది గుర్తుపెట్టుకోండి, డబ్బు కోసం ఆలోచించి ఆలస్యం చేయొద్దు.

బైకులవాళ్లకి. పండగ వారం సిటీలో గాలిపటాల సీజను. చైనా మాంజా అంటారే, ఆ నైలాన్ దారం, 2017లోనే హరిత ట్రిబ్యునల్ నిషేధించింది. అయినా దొరుకుతూనే ఉంది. ఫ్లైఓవర్ల మీద మెడకి తగులుతుంది. మెడకి మందంగా మఫ్లరో, కండువానో చుట్టుకోండి, హెల్మెట్ అద్దం దించుకోండి. పిల్లాణ్ణి ముందు నిలబెట్టుకోవద్దు. ముందు నిలబడితే ఆ దారం తగిలేది ఎవరికో మీరే ఆలోచించండి. ఇంట్లో పిల్లలు కొనుక్కున్న చర్కాలో ఏ దారముందో ఇవాళ రాత్రే చూడండి.

కనుమ సంగతి నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. కోడి, మాంసం, దాని పక్కన ఉండేది. నేను సన్యాసిని కాదు, తాగొద్దని చెప్పడానికి రాలేదు. తాళం చెవి ముందే అత్తగారి చేతిలో పెట్టేయండి. తాగి వచ్చి అత్తగారిని తాళం అడిగే ధైర్యం ఏ అల్లుడికీ ఉండదు.

ఇంకొక్క విషయం, అయిపోవచ్చింది. ఇందాక పత్తి ట్రాలీ గురించి చెప్పినప్పుడు మీలో కొంతమంది ఆ రైతుని తిట్టుకున్నారు, మొహాల్లో కనబడింది. ఆ ట్రాలీ ఎవరిది? మన బాబాయిది. మన మేనమామది. రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేర్చేది ఎవరు? మన పెద్దనాన్నే. కల్లం లేక, వేరే జాగా లేక ఆరబోస్తున్నాడు, అదీ నిజమే. ఎండలో ఆరబెట్టుకుంటే ఎవరూ కాదనరు, చీకటి పడేలోపు ఎత్తేయమనండి, రాళ్లతో సహా. మనం ఎవరి ఇంటికి పండక్కి వెళ్తున్నామో వాళ్ల బళ్లనే దారిలో తిట్టుకుంటూ వెళ్తున్నాం. ఊళ్లో మూడు రోజులుంటారు కదా. ఒక పొద్దున పశువుల కొట్టం దగ్గరికి వెళ్లి ఆ ట్రాలీ వెనక ఏముందో చూడండి.

అందుకే ఇవి తెచ్చాను. మెరిసే టేపు, రోల్సు. ఆటోమొబైల్ షాపులో దొరుకుతాయి, నేను నా డబ్బుతోనే కొన్నాను, ఎవరూ మొహమాటపడొద్దు. ఎర్రది ట్రాలీ వెనకాల, తెల్లది ముందు, పసుపుది పక్కలకి. అంటించేముందు మట్టీ, తుప్పూ గుడ్డతో బాగా తుడవాలి. లేకపోతే మూడు రోజులకే ఊడిపోతుంది, మీ బాబాయి మిమ్మల్ని చూసి నవ్వుతాడు. ఎడ్లబండి ఉన్నవాళ్లు చక్రాలకి కూడా వేయొచ్చు. ఒక్కొక్కరికి రెండు మీటర్లు వస్తుంది. అమ్మా, ఎవరింట్లోనైనా పెద్ద కత్తెర ఉంటే తెస్తారా?